ఊక కలిపిన మట్టి మెంబ్రేన్లు ఎందుకు పగులుతున్నాయి, నూనెను ఎందుకు ఆపడం లేదు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. గుంటూరులో కెమికల్ ఇంజనీరింగ్ చదివారు. విజయవాడ ఆటోనగర్‌లో మీ నాన్నగారికి లారీల వాటర్ సర్వీసింగ్ షెడ్ ఉంది. నూనె, గ్రీజు, సబ్బు కలిసిన నీళ్ళు రోజుకు సుమారు 5 వేల లీటర్లు వస్తాయి. వాటిని వడగట్టి మళ్ళీ వాడుకుందామని చైనా క్లే (తెల్లటి పింగాణీ మట్టి)లో పాతిక శాతం వరి ఊక కలిపి, ప్రెస్‌లో ఒత్తి, 900 డిగ్రీల్లో కాల్చి డిస్కులు చేస్తున్నారు. ఈ వడపోత బిళ్ళలనే మెంబ్రేన్లు అంటున్నాం. సగం ఫర్నెస్‌లోనే పగులుతున్నాయి. మిగిలినవి నీళ్ళతో పాటు నూనెనూ వదిలేస్తున్నాయి. రంధ్రం 0.2 మైక్రాన్‌కు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) రావాలంటే ఊకను ఇంకెంత మెత్తగా దంచాలి, టీడీఎస్ (నీళ్ళలో కరిగిన లవణాలు) కూడా తగ్గుతుందా, ఇంట్లో తాగే నీళ్ళకు పనికొస్తుందా అని అడిగారు.

ముందు సూటిగా జవాబు. ఊక మానేయండి. ఎంత మెత్తగా దంచినా దానితో 0.2 మైక్రాన్ రాదు. మెంబ్రేన్ రంధ్రం ఎంత ఉండాలో మీరు వాడే మట్టి పొడి సైజు నిర్ణయిస్తుంది, అందులో కాలిపోయే సరుకు కాదు. మన దగ్గర దొరికే మట్టితో ఒక మైక్రాన్ చుట్టుపక్కల రంధ్రాలున్న మంచి సపోర్ట్, అంటే అడుగు బిళ్ళ, చేయొచ్చు. మీ నీళ్ళలో సబ్బు ఉంది కాబట్టి దాని మీద పల్చటి పై పొర కూడా కావాలి. టీడీఎస్ ఒక్క పాయింట్ కూడా తగ్గదు. తాగే నీళ్ళ సంగతి చివర్లో చెప్తాను. ఈ షెడ్డు నీళ్ళకు వాడిన మెంబ్రేన్‌ను మాత్రం ఎప్పుడూ అటు తీసుకెళ్ళకండి.

ఇప్పుడు కారణాలు.

బత్తాయిల గుట్టలో సందులు పెద్దగా ఉంటాయి, ఆవాల గుట్టలో చిన్నగా ఉంటాయి. మెంబ్రేన్ కూడా అలాంటి గుట్టే. కాల్చినప్పుడు రేణువులు ఒకదానికొకటి తాకిన చోట మెడలా అతుక్కుంటాయి, సందులు అలాగే మిగులుతాయి. సందు వెడల్పు రేణువు సైజులో సుమారు మూడో వంతు నుంచి ఐదో వంతు ఉంటుంది. అంటే 0.2 మైక్రాన్ రంధ్రం కావాలంటే 0.6 నుంచి 1 మైక్రాన్ మధ్య పొడి కావాలి. చైనా క్లే రేణువులు సన్నని పలకల్లా, ఎక్కువగా ఒకటి నుంచి ఐదు మైక్రాన్ల మధ్య ఉంటాయి. అందుకే మట్టి సపోర్ట్‌లు సాధారణంగా అర మైక్రాన్ నుంచి రెండు మైక్రాన్ల రంధ్రాలతో వస్తాయి.

మరి ఊక చేసేదేమిటి? అది కాలిపోయి, తానున్న చోట ఖాళీ వదులుతుంది. ఆ ఖాళీలు విడివిడిగా, చుట్టూ మట్టి గోడలతో ఉన్నంతసేపు పర్వాలేదు. నీళ్ళు ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్ళాలంటే మట్టి సందులోంచే వెళ్ళాలి, కాబట్టి వడపోత మట్టిదే. పోరాసిటీ (మొత్తంలో ఖాళీ వాటా) పెరిగింది, ఫ్లో పెరిగింది, అంతవరకు లాభమే. కానీ పాతిక శాతం అంటే బరువులో. ఊక తేలిక, కాబట్టి వాల్యూమ్‌లో అది సగం దాకా ఉంటుంది. అంత వేస్తే గదులన్నీ ఒకదానిలోకి ఒకటి తెరుచుకుని, డిస్కు ఈ ముఖం నుంచి ఆ ముఖం దాకా యాభై, వంద మైక్రాన్ల సొరంగాలు ఏర్పడతాయి. మీ నూనె వెళ్తున్నది ఆ దారిలోనే. పైగా ఊక పూర్తిగా కాలిపోదు. దాని బరువులో 15 నుంచి 20 శాతం బూడిద మిగులుతుంది, అందులో చాలా భాగం సిలికా, కొంచెం పొటాష్. ఆ పొటాష్ ఎక్కువ వేడిలో మట్టిని కరిగించి అక్కడక్కడా గాజు చేస్తుంది. ఒకే బ్యాచ్‌లో ఒక డిస్కు గట్టిగా, పక్కది గుల్లగా వస్తోందని మీరు రాశారు. మిల్లు మారితే, పంట మారితే ఊక మారుతుంది. ఆ తేడాకు ఇదీ ఒక కారణం కావచ్చు.

పోరాసిటీ వేరు, రంధ్రం సైజు వేరు. నా దగ్గరికి వచ్చే కుర్రాళ్ళలో ఎక్కువమంది పోరాసిటీ 45 శాతం వచ్చిందని సంతోషంగా చెప్తారు. అతి పెద్ద రంధ్రం ఎంత అని అడిగితే ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ ఫోటో చూపిస్తారు. ఫోటోలో కనపడేది ఒక మూల. నూనె ఆ మూలనే ఎంచుకుని పోదు కదా.

దీనికి అసలైన పరీక్ష బబుల్ పాయింట్. ఖర్చు దాదాపు లేదు, ఆటోనగర్‌లో అయితే అసలు లేదు, ఎందుకంటే అడుగుకో కంప్రెసర్ ఉంటుంది. డిస్కును నీళ్ళలో మరిగించి, చల్లారే దాకా అందులోనే వదిలేయండి, గాలంతా పోతుంది. రబ్బర్ గాస్కెట్‌తో హోల్డర్‌లో బిగించి, పై ముఖం మీద ఒక సెంటీమీటర్ నీళ్ళు నిలబెట్టండి. కింద నుంచి గాలి ప్రెషర్ చాలా నెమ్మదిగా పెంచండి. మొదటి బుడగ వచ్చిన ప్రెషర్ దగ్గర లెక్క ఇదీ: ప్రెషర్ సమానం నాలుగు రెట్ల సర్ఫేస్ టెన్షన్ (ద్రవం పైపొర బిగువు) భాగించు రంధ్రం వ్యాసం. నీటికి సర్ఫేస్ టెన్షన్ మీటరుకు 0.072 న్యూటన్లు. కాబట్టి ఒక మైక్రాన్ రంధ్రానికి సుమారు 2.9 బార్, పది మైక్రాన్లకు 0.29 బార్, యాభై మైక్రాన్లకు 0.06 బార్ మాత్రమే.

మీ ఊక డిస్కులకు మామూలు ప్రెషర్ గేజ్ ముల్లు కదలకుండానే బుడగలు వస్తాయి. గేజ్ బదులు మేస్త్రీలు గోడ మట్టం చూసుకునే లెవెల్ పైపు తీసుకుని, అందులో నీటి ఎత్తు తేడా కొలవండి. 60 సెంటీమీటర్లంటే సుమారు 0.06 బార్. బుడగలు ఎలా వస్తున్నాయో కూడా చూడండి. డిస్కు అంతా ఒకేసారి సన్నగా నురగలా పొంగితే పొడి సమంగా కలిసిందని అర్థం. ఒకే చోట నుంచి దారం కట్టినట్టు వరసగా వస్తుంటే అక్కడ ఒక చీలికో, ఒక ఊక పుల్ల వదిలిన సొరంగమో ఉంది. అక్కడ పెన్సిల్‌తో గుర్తు పెట్టి, ఆరాక ఆ చోట డిస్కును విరిచి లోపల చూడండి. కారణం కంటికే దొరుకుతుంది చాలాసార్లు.

ఒక జాగ్రత్త. నాలుగు మిల్లీమీటర్ల మందం ఉన్న డిస్కులో గాస్కెట్ లోపల తెరిచి ఉన్న భాగం నాలుగు సెంటీమీటర్ల వ్యాసం అనుకుంటే, దాని మీద 3 బార్ పెడితే మధ్యలో సుమారు 9 మెగాపాస్కల్స్ వంపు ఒత్తిడి పడుతుంది. గుల్ల మట్టి బిళ్ళకు అది ప్రమాదం అంచు. అందుకే మంచి డిస్కులు వచ్చాక నీటికి బదులు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడండి. దానికి సర్ఫేస్ టెన్షన్ నీటిలో మూడో వంతు కంటే తక్కువ, ఒక మైక్రాన్ రంధ్రం 0.85 బార్ దగ్గరే తేలిపోతుంది. దగ్గర్లో వెల్డింగ్ జరుగుతుంటే మాత్రం వద్దు. ముఖానికి అడ్డంగా ఒక అక్రిలిక్ షీట్ పెట్టుకోండి.

పోరాసిటీకి త్రాసు చాలు. ఉదాహరణకు పొడి బరువు 40 గ్రాములు, నీళ్ళు తాగాక 49, నీళ్ళలో వేలాడదీసి తూస్తే 24.9 అనుకోండి. మొత్తం వాల్యూమ్ 24.1 సీసీ, రంధ్రాలది 9 సీసీ. అంటే 37 శాతం. సపోర్ట్‌కు 35 నుంచి 42 మధ్య ఉంటే నాకు చాలు. అంతకు మించి లాగితే బలం పడిపోతుంది.

ఇక పగుళ్ళు. ఫర్నెస్‌లో పగులుతున్నాయని రాశారు గానీ మీరు పెట్టిన ఫోటోలు చూస్తే అన్నీ అక్కడ పుట్టినవి కావు. అంచు నుంచి లోపలికి, నోరు తెరుచుకున్నట్టు వెడల్పుగా ఉన్నవి ఆరబెట్టేటప్పుడు పుట్టి, కాల్చినప్పుడు పెద్దవైనవి. వెంట్రుకంత సన్నగా, డిస్కును అడ్డంగా చీల్చుతూ, అంచులు పదునుగా ఉన్నవి చల్లార్చేటప్పుడు వచ్చినవి. మధ్యలో ఉబ్బి, పొరలుగా విడిపోయినవి ఊక గ్యాస్ వల్ల.

ఆరబెట్టడం గురించి పుస్తకాల్లో ఒక్క లైను ఉంటుంది. బెజవాడలో అది సగం పని. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, మరి మీ పచ్చి డిస్కులు ఎంత? ఫ్యాన్ కింద, కిటికీ పక్కన పెట్టకండి. అంచు ముందు ఆరి ముడుచుకుంటుంది, మధ్య ఇంకా తడిగా ఉండి ముడవదు, చీలిక అక్కడే. చిల్లుల ట్రే మీద పరిచి, పైన పాలిథీన్ కప్పి, మొదటి రోజంతా అలాగే ఉంచి, తర్వాత మెల్లగా కప్పు తీయండి. రెండు ముఖాలూ సమంగా ఆరేలా మధ్యలో తిప్పండి. వానాకాలంలో దీనికి ఉల్టా సమస్య, ఆరినట్టే కనిపించి లోపల తడి ఉంటుంది. ఫర్నెస్‌లో పెట్టేముందు ఓవెన్‌లో 110 డిగ్రీల దగ్గర బరువు మారకుండా అయ్యేదాకా ఉంచండి.

కాల్చడంలో వేగం ముఖ్యం. 600 డిగ్రీల దాకా నిమిషానికి ఒకటి రెండు డిగ్రీలకు మించకండి. బైండర్ (పొడిని పట్టి ఉంచే జిగురు) 200 నుంచి 450 మధ్య కాలుతుంది, చైనా క్లేలో బంధించి ఉన్న నీరు 450 నుంచి 600 మధ్య బయటికొస్తుంది, 573 దగ్గర క్వార్ట్జ్ రూపం మార్చుకుని ఒక్కసారిగా వ్యాకోచిస్తుంది. ఈ మూడూ ఒకే పరిధిలో ఉన్నాయి. దిగేటప్పుడు కూడా అదే 573 దాటాలి, అప్పుడు క్వార్ట్జ్ ముడుచుకుంటుంది. ఫర్నెస్ ఆపేసి తలుపు కొంచెం తెరిచి ఉంచానని రాశారు. ఆ వెంట్రుక చీలికలకు కారణం అదే. 200 లోపుకు వచ్చేదాకా తలుపు ముట్టుకోకండి. టెన్షన్‌గా ఉంటుంది, చూడాలనిపిస్తుంది, తెలుసు. అయినా వద్దు.

ఊక బదులు ఏమి వేయాలి? కాల్షియం కార్బనేట్. మెత్తటి పొడి, 325 మెష్ జల్లెడలో పూర్తిగా దిగేది. పిడుగురాళ్ళ పక్కనే ఉన్న మనకు సున్నపురాయికి కొదవ లేదు, కానీ బట్టీల దగ్గర దొరికే ముతక పొడి వద్దు. పెయింట్లకు, రబ్బరుకు అమ్మే మెత్తటి గ్రేడ్ తీసుకోండి. ఇది 700 దాటాక విడిపోయి, సుమారు 850 లోపు కార్బన్ డయాక్సైడ్ వదిలేస్తుంది. ఆ గ్యాస్ పోయిన దారులు మట్టి రేణువుల సైజులోనే ఉంటాయి. మిగిలిన కాల్షియం మట్టిలోని అల్యూమినా, సిలికాతో కలిసి కొత్త ఖనిజాలుగా మారి డిస్కుకు బలాన్నిస్తుంది. ఊక ఇవన్నీ చేయలేదు.

మొదలుపెట్టడానికి నేను చెప్పే పాళ్ళు, పొడి బరువులో: చైనా క్లే 50, బాల్ క్లే 12, క్వార్ట్జ్ 18, కాల్షియం కార్బనేట్ 20. బాల్ క్లే ద్వారకా తిరుమల వైపుది బాగానే ఉంటుంది, జిగురు ఇస్తుంది. అన్నీ కలిపి బాల్ మిల్‌లో (గుండ్లతో నూరే తిరుగుడు డ్రమ్ములో) నీళ్ళతో తిప్పి, ఆరబెట్టి, బైండర్‌గా రెండు శాతం పీవీఏ ద్రావణం చిలకరించి, జల్లెడ పట్టి ప్రెస్ చేయండి. ఫెల్డ్‌స్పార్ (వేడికి కరిగి అతికించే రాయి పొడి) వేయమని ఎవరైనా చెప్తే, అది 1100 పైన గానీ కరిగి పని చేయదని గుర్తుంచుకోండి. మీది కరెంటు వేడితీగతో నడిచే ఫర్నెస్ అన్నారు కాబట్టి 1000 డిగ్రీల దగ్గర రెండు గంటలు పట్టి ఉంచండి. 800 నుంచి 850 దగ్గర కూడా ఒక గంట ఆగండి, గ్యాస్ తీరిగ్గా పోతుంది.

900లో ఎందుకు ఆపకూడదో ఒక కేసు చెప్తాను. గుంటూరు నుంచి ఒక కాలేజీ ప్రాజెక్ట్ బ్యాచ్ పిల్లలు ఇలాగే కార్బనేట్‌తో డిస్కులు చేసి తెచ్చారు. చూడడానికి ముచ్చటగా ఉన్నాయి. నీళ్ళలో పరీక్ష చేసి అల్మరాలో పెట్టారట. వారం తిరిగేసరికి ముఖం మీద చిన్న చిన్న పొక్కులు, ప్రతి పొక్కు అడుగున తెల్లటి చుక్క. గోరుతో గీకితే పిండిలా రాలింది. సరిగ్గా కలవని, మట్టితో కలిసిపోని సున్నం అది. గాలిలో తేమ పీల్చి ఉబ్బి, పై మట్టిని పెచ్చుగా ఎగరగొట్టింది. ఇటుక బట్టీ వాళ్ళనడగండి, మట్టిలో సున్నపు గులక ఉంటే ఏమవుతుందో చెప్తారు. పొడి మెత్తగా ఉండి, వేడి 950 దాటితే ఈ బాధ ఉండదు. అయినా కాల్చిన డిస్కులను రెండు రోజులు నీళ్ళలో నానబెట్టి, ఆ తర్వాతే వాడండి. పాడయ్యేవి అక్కడే బయటపడతాయి.

ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ ఫ్లై యాష్ (బొగ్గు కాల్చగా వచ్చే బూడిద) వాడొచ్చా అని కింద ఇంకొకరు అడిగారు. వాడొచ్చు. రేణువులు గుండ్రంగా ఉండి బాగా పేరుకుంటాయి, 1000 నుంచి 1100 మధ్య అతుక్కుంటాయి. కానీ కాలని బొగ్గు ఉంటుంది, రోజుకో రకంగా వస్తుంది, భార లోహాలు నీళ్ళలోకి దిగే అవకాశం ఉంది. షెడ్డు నీళ్ళకు సరే, తాగే నీళ్ళకు పరీక్ష చేయించకుండా వద్దు. నేనైతే చైనా క్లేతో చేయి కుదిరాకే దాని జోలికి వెళ్ళమంటాను.

ఇప్పుడు మీ నూనె దగ్గరికి వద్దాం. ఇక్కడ మీరు గమనించనిది సబ్బు. పైన బుడగకు చెప్పిన లెక్కే నూనె చుక్కకూ వర్తిస్తుంది, సర్ఫేస్ టెన్షన్ బదులు నీటికీ నూనెకూ మధ్య టెన్షన్ వేసుకోవాలి. సబ్బు లేనప్పుడు అది సుమారు 0.03. ఒక మైక్రాన్ రంధ్రంలోకి నూనె చుక్క దూరాలంటే 1.2 బార్ తోయాలి, కాబట్టి ఒక బార్ లోపల నడిపితే ఆగుతుంది. సబ్బు కలిసిందంటే అది 0.005కు, ఇంకా కిందికి కూడా పడిపోతుంది. అప్పుడు 0.2 బార్‌కే చుక్క సాగి, పాములా దూరి అవతలకు పోతుంది. అదే సబ్బు నీటికి 0.2 మైక్రాన్ రంధ్రం ఉంటే ఒక బార్ దాకా తట్టుకుంటుంది. ఇది ఉజ్జాయింపు లెక్కే, కానీ మీకు పై పొర ఎందుకు కావాలో దీంతో తెలుస్తుంది. ఇంకో దారి కూడా ఉంది. కడిగాక నూనెను త్వరగా వదిలేసే రకం డిటర్జెంట్లు దొరుకుతున్నాయి, నాన్నగారిని ఒక డబ్బా మార్చి చూడమనండి. మెంబ్రేన్ పని సగం తగ్గుతుంది.

పై పొరకు చాలామంది అల్యూమినా అంటారు. మంచిదే, కానీ అర మైక్రాన్ అల్యూమినా గట్టిగా అతుక్కోవాలంటే 1200 పైన కావాలి, మీ కాల్షియం సపోర్ట్ ఆ వేడికి మెత్తబడి వంగిపోతుంది. కాబట్టి టైటానియా వేయండి. పెయింట్లలో తెలుపుకు వాడే పిగ్మెంటే, రేణువు 0.2 నుంచి 0.3 మైక్రాన్లు, 950 దగ్గరే అతుక్కుంటుంది, రంధ్రం పదో వంతు మైక్రాన్ చుట్టూ, అంటే 0.1 దగ్గర వస్తుంది. అనటేజ్ రకం కాకుండా రూటైల్ రకం అడిగి తీసుకోండి. అనటేజ్ కాల్చేటప్పుడు రూటైల్‌గా మారుతూ ముడుచుకుని పొరను చీల్చుతుంది.

పొడి ఎనిమిది, పది శాతం ఉండేలా నీళ్ళలో కలిపి, కొంచెం డిస్పర్సెంట్ (రేణువులు గడ్డకట్టకుండా విడదీసే మందు) వేసి రాత్రంతా బాల్ మిల్‌లో తిప్పి, కొద్దిగా పీవీఏ కలిపి, బుడగలు పోయేదాకా ఉంచండి. పొడిగా, దుమ్ము లేకుండా తుడిచిన డిస్కును ఒక ముఖం మాత్రమే తాకేలా ఐదు నుంచి పది సెకన్లు ముంచి, మెల్లగా, వాలుగా పైకి తీయండి. ఆ ముఖాన్ని వెలుతురుకు పట్టి చూడండి. తడి మెరుపు అంచుల నుంచి లోపలికి తగ్గుతూ పది పదిహేను సెకన్లలో మాట్ అయిపోతే పొర సరిగ్గా పడింది. తీయగానే మెరుపే లేకపోతే స్లరీని, అంటే ఆ పొడి కలిపిన నీళ్ళను, సపోర్ట్ లోపలికి లాగేసింది, మీ సపోర్ట్ రంధ్రాలు పెద్దవి. అర నిమిషమైనా మెరుస్తూనే ఉంటే డిస్కులో తడి ఉంది. మెరుపు మధ్యలో సూది మొనంత నల్ల చుక్క కనిపిస్తే దుమ్ము పడింది, కాలాక అది పిన్‌హోల్, అంటే సూది బెజ్జం.

పొర మందం 15, 20 మైక్రాన్లు చాలు. దాన్ని కొలిచే మెషిన్ అక్కర్లేదు. 4.7 సెంటీమీటర్ల డిస్కు మీద 20 మైక్రాన్ల పొర అంటే బరువు సుమారు 0.09 గ్రాములు పెరగాలి, బంగారం కొట్లో వాడే త్రాసు అంతవరకు చూపిస్తుంది. ఒకేసారి మందంగా వేయకండి, ఎండిన చెరువు అడుగులా నెర్రెలిస్తుంది. పల్చగా వేసి, కాల్చి, మళ్ళీ ఒకసారి పల్చగా వేయండి. రెండో పొర మొదటిదాని పిన్‌హోళ్ళను పూడుస్తుంది.

నడిపే ముందు మెంబ్రేన్‌ను మంచినీళ్ళతో పూర్తిగా తడిపి ఉంచాలి. పొడి మెంబ్రేన్ మీద నూనె నీళ్ళు పోస్తే నూనె ముందు అంటుకుంటుంది, తర్వాత నీళ్ళకు దారి ఉండదు. ఇసుక, మట్టి ముందే సెటిలింగ్ ట్యాంకులో దిగాలి, పైకి తేలే నూనెను స్కిమ్మర్‌తో తీసేయాలి. మెంబ్రేన్ పని తేలని సన్నటి నూనెను పట్టడమే, జడ్డు గ్రీజు పట్టడం కాదు.

అసలు షాక్ మీ సైజింగ్‌లో ఉంది. సబ్బు, నూనె నీళ్ళకు చదరపు మీటరుకు గంటకు 80 లీటర్లు నిలకడగా వస్తే మంచి రిజల్టే. 5 వేల లీటర్లు ఎనిమిది గంటల్లో కావాలంటే సుమారు 7.8 చదరపు మీటర్లు కావాలి. మీ డిస్కులో పని చేసే భాగం 12.6 చదరపు సెంటీమీటర్లు. అంటే ఆరు వేలకు పైగా డిస్కులు! డిస్కు పరీక్షకే, ప్లాంటుకు కాదు. లోపలి వ్యాసం 10 మిల్లీమీటర్లు, పొడవు ఒక మీటర్ ఉన్న గొట్టాలైతే సుమారు 250 కావాలి. లోపల నీరు సెకనుకు 2 మీటర్ల వేగంతో పారితేనే నూనె గోడకు పేరుకోదు. 250 గొట్టాలూ పక్కపక్కనే కలిపితే గంటకు లక్షా నలభై వేల లీటర్లు తిప్పే పంపు కావాలి. పది పది వరసగా కలిపి, అలాంటి 25 వరసలు పెడితే 14 వేల లీటర్ల పంపు సరిపోతుంది. గొట్టాలకు ఎక్స్‌ట్రూడర్ (మట్టిని గొట్టంలా బయటికి తోసే యంత్రం) కావాలి, అది వేరే పెట్టుబడి. అందుకే నా సలహా, మీరు ఐదారు గొట్టాలతో రోజుకు వంద లీటర్ల మోడల్ నడిపి చూపించండి. పూర్తి ప్లాంటుకు గొట్టాలు కొనడమే లాభమా, చేయడమా అన్నది ఆ అంకెలు చూశాక నాన్నగారు నిర్ణయిస్తారు.

శుభ్రం చేయడానికి వేడి కాస్టిక్ అని చదివి ఉంటారు. అది అల్యూమినా, జిర్కోనియా, టైటానియా మెంబ్రేన్లకు. మీ మట్టి సపోర్ట్‌ను కాస్టిక్ కొంచెం కొంచెంగా తినేస్తుంది, ఆమ్లం అందులోని కాల్షియాన్ని లాగేస్తుంది. గోరువెచ్చటి సోడా నీళ్ళు, వెనక నుంచి బ్యాక్‌వాష్ రోజూ చేయండి. ఫ్లో బాగా పడిపోయినప్పుడు గాస్కెట్లు తీసేసి 500 డిగ్రీల్లో ఒకసారి కాల్చండి. నూనె కాలిపోతుంది, మెంబ్రేన్ దాదాపు కొత్తదవుతుంది. ప్లాస్టిక్ మెంబ్రేన్ వాళ్ళకు లేని సౌకర్యం ఇదొక్కటే చాలు నేను సెరామిక్ వైపు ఉండడానికి.

మిగిలిపోయే చిక్కటి నూనె నీళ్ళను కాలవలో పోయకండి. మెంబ్రేన్ నూనెను మాయం చేయదు, చిన్న డ్రమ్ములోకి చేరుస్తుంది, అంతే. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడిన నూనె అనుమతి ఉన్న రీసైక్లర్‌కే వెళ్ళాలి.

టీడీఎస్ సంగతి. నీళ్ళలో కరిగిన ఉప్పు అయాన్లు ఒక నానోమీటర్ కంటే చిన్నవి. మీ రంధ్రం దానికి వంద రెట్లు. గుంటూరు బోరు నీళ్ళ ఉప్పదనానికి ఆర్‌వో తప్ప ఇది మందు కాదు, ఎవరైనా మట్టి ఫిల్టర్‌తో టీడీఎస్ తగ్గుతుందని అమ్మితే నమ్మకండి. కరిగి ఉన్నదాన్ని ముందు గడ్డ కట్టిస్తే మాత్రం కథ వేరు. కోల్‌కతాలోని సెంట్రల్ గ్లాస్ అండ్ సెరామిక్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు మట్టి, అల్యూమినా కలిపిన గొట్టాలను ఆర్సెనిక్, ఐరన్ ఉన్న భూగర్భ జలాలకు వాడారు. ఐరన్ రేణువులుగా మారితే మెంబ్రేన్ పడుతుంది, ఆర్సెనిక్‌కు దాన్ని పీల్చుకునే పదార్థం తోడు కావాలి.

తాగే నీళ్ళకు విడిగా, శుభ్రమైన మట్టితో చేసినదైతే బ్యాక్టీరియాను చాలావరకు ఆపుతుంది. 1884లో చార్లెస్ చాంబర్లాండ్ పాశ్చర్ ల్యాబ్‌లో గ్లేజ్ వేయని పింగాణీ గొట్టంతో చేసింది అదే. కానీ 1892లో ఇవనోవ్‌స్కీ అనే రష్యన్ శాస్త్రవేత్త మొజాయిక్ తెగులు వచ్చిన పొగాకు ఆకు రసాన్ని ఆ ఫిల్టర్‌లోంచే వడగట్టి, వడగట్టిన రసం కూడా తెగులు అంటిస్తుందని చూపించాడు. వైరస్‌ల కథ మొదలైంది అక్కడే. పొగాకు బోర్డు ఉన్న ఊరివాళ్ళకు ఇది తెలియాలి! ఆ వైరస్ మందం 18 నానోమీటర్లు, మన రంధ్రంలోంచి దర్జాగా వెళ్తుంది. కాబట్టి మట్టి ఫిల్టర్ తర్వాత క్లోరినో, మరగబెట్టడమో తప్పదు.

క్వార్ట్జ్ పొడి తూచేటప్పుడు, పొడి డిస్కులు గీకేటప్పుడు చేతి రుమాలు కాదు, సరైన డస్ట్ మాస్క్ పెట్టుకోండి. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి వెళ్తే బయటికి రాదు. వీలైనంత పని తడిగానే చేయండి.

ముందు ఊక లేకుండా, పైన చెప్పిన పాళ్ళతో కొన్ని డిస్కులు, పై పొర వేయకుండానే చేయండి. నానబెట్టి, బబుల్ పాయింట్ చూసి, మొదటి బుడగ ఏ ప్రెషర్‌కు వచ్చిందో, ఒక చోటనా అంతటానా, మూడు బరువులు ఎంతెంతో ఇక్కడే రాయండి. దాన్ని బట్టి టైటానియా ఒక పూత చాలా, రెండు కావాలా చెప్తాను.